దావూ నడిచిన దారి: నౌంబుర్గ్ నుంచి ఆవర్‌ష్టెట్ దాకా నాలుగు రోజులు

1806 అక్టోబరు 14 అనగానే, జర్మనీలోని యేనా దగ్గర ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ ప్రష్యా రాజ్యాన్ని ఓడించిన యుద్ధమే గుర్తొస్తుంది. అదే రోజు అదే వేళకు, యేనాకు ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మరో యుద్ధం జరిగింది. యేనాలో నెపోలియన్ ఎదుర్కొన్నది హోహెన్‌లోహె కింద ఉన్న ప్రష్యన్ సేనను. ప్రష్యా అసలు సైన్యం మాత్రం, రాజు మూడో ఫ్రెడరిక్ విలియంతో సహా, ఆవర్‌ష్టెట్ దగ్గర నెపోలియన్ సేనాని మార్షల్ దావూ మీదికి వచ్చింది. దావూ దగ్గరున్నది మూడో కోర్ ఒక్కటే. అంటే మూడు డివిజన్లు, సుమారు 26 వేల మంది, 44 ఫిరంగులు. ఎదుటివాళ్లు 50 వేలకు పైమాటే. ఫిరంగులైతే ఎన్నో రెట్లు.

పుస్తకంలో చదివితే ఇది మొండి ధైర్యం కథలా ఉంటుంది. కాళ్లతో నడిచి చూస్తే ఒక వంతెన, ఒక ఎక్కుడు దారి, రెండు వాగుల లెక్క. ఏ డివిజన్ ఏ గంటకు ఎక్కడికి చేరగలిగిందన్నదే ఇక్కడ ఫలితం తేల్చింది. అందుకే ఈ నేలను కారులో కాక నడిచి చూడాలి. నాలుగు రోజులు చాలు, అక్టోబరు రెండో వారమైతే మరీ మంచిది. ఆ రోజుల్లో జాలె నది లోయలో తెల్లవారుజామున పొగమంచు పట్టేస్తుంది. ఆ మంచు లేకుండా ఈ యుద్ధం మొదటి రెండు గంటలు అర్థం కావు.

బయల్దేరేముందు గడియారం సంగతి. అప్పటి సమయాలన్నీ స్థానిక సూర్యమానం. అక్టోబరులో జర్మనీ గడియారాలు ఇంకా వేసవి సమయంలోనే ఉంటాయి కాబట్టి అప్పటి సమయానికి గంటకు కాస్త ఎక్కువ కలుపుకోవాలి. పుస్తకంలో ఉదయం 6:30 అని ఉంటే ఇవాళ్టి చేతి గడియారంలో దాదాపు 7:40. ఇది తెలియక చీకట్లో లేచి వంతెన మీద గంటసేపు చలికి వణికేవాళ్లు ఉంటారు.

మొదటి రోజు: నౌంబుర్గ్ – బాడ్ కోజెన్

లైప్‌జిగ్, హాలె, ఎర్‌ఫుర్ట్‌ల నుంచి నౌంబుర్గ్‌కు ప్రాంతీయ రైళ్లు ఉన్నాయి. జర్మనీలో చదువుకునే మన పిల్లల దగ్గర ఎలాగూ ఉండే డాయిష్‌లాండ్ టికెట్ (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) ఈ యాత్రలోని రైళ్లన్నిటికీ సరిపోతుంది. ఐసీఈ లాంటి వేగపు రైలు పొరపాటున ఎక్కితే మాత్రం చెల్లదు.

నౌంబుర్గ్ పెద్ద చర్చి 2018 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అందులోని ఊటా అనే మధ్యయుగపు దొరసాని శిల్పం చూసి మధ్యాహ్నానికి బయటపడండి. మన పని ఊరి బయట.

దావూ అక్టోబరు 12న నౌంబుర్గ్ చేరాడు. దాంతో ప్రష్యన్లు బెర్లిన్ వైపు తిరిగి వెళ్లే దారికి అడ్డు పడినట్టయింది. 13 రాత్రి యేనా దగ్గర నెపోలియన్ తన ఎదుట ఉన్నదే మొత్తం ప్రష్యన్ సైన్యం అనుకున్నాడు. ఆపోల్డా మీదుగా వెళ్లి శత్రువు వెనకభాగాన్ని కొట్టమని దావూకు ఆజ్ఞ రాయించాడు. అది తెల్లవారుజామున మూడింటికి అందింది. మార్షల్ బెర్నడాట్ మొదటి కోర్ కూడా దగ్గర్లో ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లవచ్చని అందులో ఒక వాక్యం ఉంది. బెర్నడాట్ నౌంబుర్గ్ దగ్గరే ఉన్నాడు. అయినా ముందు తనకు వచ్చిన ఆజ్ఞనే పట్టుకుని దక్షిణాన డోర్న్‌బుర్గ్ వైపు సాగిపోయాడు. ఆ రోజంతా రెండు యుద్ధాల మధ్య ఉండి కూడా దేంట్లోనూ సమయానికి చేరలేదు. ఆజ్ఞ మాటలు అస్పష్టంగా ఉన్న మాట నిజమే. కానీ ఫిరంగుల మోత ఒక్కటి చాలు, ఎటు తిరగాలో తెలియడానికి.

నౌంబుర్గ్ నుంచి బాడ్ కోజెన్ ఏడు కిలోమీటర్ల లోపే. దారిలో షుల్‌ఫోర్టా, ఒకప్పటి క్రైస్తవ మఠం, తర్వాత బడి. తత్వవేత్త నీట్షే చదివింది ఇక్కడే. నదిని ఆనుకుని సైకిల్ బాట ఉంది, చదునుగా, రెండు గంటల నడక.

కోజెన్‌లో ముందుగా కళ్లబడేది 320 మీటర్ల పొడవైన చెక్క కట్టడం. ఉప్పునీటిని ముళ్లకంప మీదుగా బొట్లుబొట్లుగా జారవిడిచి, గాలికి చిక్కబరిచి, తర్వాత కాచేవాళ్లు. దావూ సేన ఈ ఊరు దాటేనాటికే ఇక్కడ ఉప్పు పని సాగుతోంది. సాయంత్రం దాని పక్కన కూర్చుంటే ఉప్పుగాలి తగులుతుంది. పక్కనే జాలె నది, వంతెన. ఇప్పుడున్నది అప్పటి వంతెన కాదుగానీ చోటు అదే. 13 సాయంత్రమే దావూ ఒక బెటాలియన్‌ను పంపి దీన్ని పట్టుకున్నాడు.

ఇక్కడే ప్రష్యన్ల మొదటి తప్పు. ఆ సాయంత్రం ముందు నడుస్తున్న ష్మెట్టౌ డివిజన్ ఆవర్‌ష్టెట్ దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు మూడు గంటలు నడిచి వంతెన పైనున్న మెట్టను పట్టుకుని ఉంటే దావూ మర్నాడు లోయలోనే చిక్కుకుపోయేవాడు.

రెండో రోజు: ఎక్కుడు దారి, హాసెన్‌హౌజెన్

తెల్లవారకముందే వంతెన దగ్గరికి చేరండి. జనరల్ గ్యూదాన్ డివిజన్ ఇక్కడ నది దాటింది ఉదయం 6:30 ప్రాంతంలో, మంచులో. నది దాటగానే దారి మెలికలు తిరుగుతూ సుమారు వంద మీటర్లు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. మనకు ఇరవై నిమిషాల ఎక్కుడు. ఫిరంగులను లాగే గుర్రాలకు, మందుగుండు బండ్లకు అది వేరే కథ.

నిలబడి ఒకసారి లెక్క వేసుకోండి. ఎనిమిది వేల మంది డివిజన్ ఆరుగురి చొప్పున వరుస కట్టి నడిస్తే, ఫిరంగులతో, మధ్య మధ్య ఖాళీలతో రెండున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గంటకు నాలుగు కిలోమీటర్ల నడకలో తల ముందుకు పోయాక తోక ఈ వంతెన దాటేసరికి దాదాపు నలభై నిమిషాలు పడుతుంది. మూడు డివిజన్లకూ ఇదొక్కటే దారి. ఫ్రియాన్ డివిజన్ యుద్ధంలోకి దిగింది తొమ్మిదిన్నర ప్రాంతంలో, మోరాన్ డివిజన్ పదకొండు దగ్గరపడ్డాక. అంటే మూడు గంటల సేపు గ్యూదాన్ ఒంటరి. ఎవరూ ఆలస్యం చేయలేదు, దారి పట్టేది అంతే.

రోడ్డు గురించి హెచ్చరిక: పాత దారి మీద ఇవాళ బీ87 జాతీయ రహదారి ఉంది. లారీలు ఆగకుండా నడుస్తాయి, నడిచేవాళ్లకు అంచు లేదు. దాని మీద నడవకండి. 1:25,000 పటం తీసుకుని పొలం బాటలు పట్టుకోండి. ఇక్కడి నేల మెత్తని ఒండ్రులాంటి పసుపు మట్టి. వానపడితే బూటుకు కిలో చొప్పున అంటుకుంటుంది. చీలమండ దాకా కప్పే బూట్లు లేనివాళ్లు హాసెన్‌హౌజెన్ దాటకముందే అలిసిపోతారు.

మెట్ట మీదికి రాగానే నేల విప్పారుతుంది. చెట్టూ చేమా తక్కువ, చదునుగా కనబడుతూనే మెల్లగా ఎత్తుపల్లాలుగా ఒరిగే పొలాలు. ఆ మధ్యలో హాసెన్‌హౌజెన్, చిన్న ఊరు, చర్చి గోపురం దూరం నుంచే గుర్తు. కోజెన్ నుంచి ఐదారు కిలోమీటర్లు.

మొదటి ఢీ మాత్రం ఇంకా ముందుకు, పోప్పెల్ దగ్గర జరిగింది. దావూ పంపిన ఒక చిన్న గుర్రపు పటాలం మంచులో ప్రష్యన్ గుర్రపు రౌతుల మీదికి నేరుగా పోయి తగిలి, వెనక్కి పరుగెత్తుకొచ్చి వార్త చెప్పింది. గ్యూదాన్ ఆగలేదు, వెనక్కీ తగ్గలేదు. 25వ రెజిమెంట్ ఆ మంచులోనే ఒక ప్రష్యన్ ఫిరంగి బ్యాటరీని పట్టుకుంది. తర్వాత 25, 21 రెజిమెంట్లు ఊరికి ఉత్తరాన, 85 ఊళ్లోనూ దాని దక్షిణాన నిలిచాయి. 12 వెనక ఉంది.

మంచు విడిపోతుండగా ఉత్తరం వైపు నుంచి ప్రష్యన్ జనరల్ బ్లూషర్ అశ్వికదళం వచ్చింది. తర్వాత వాటర్లూలో పేరు మోగిన బ్లూషరే. గ్యూదాన్ బెటాలియన్లు చతురస్ర వ్యూహం కట్టాయి. ఊరికి ఉత్తరాన పొలంలో నిలబడి ఆ చతురస్రం ఎంత ఉంటుందో అడుగులు కొలిచి చూడవచ్చు. ఏడు వందల మంది బెటాలియన్, నాలుగు వైపులా మూడేసి వరుసలు. ఒక్కో వైపు 175 మంది, అంటే వరుసకు 58 మంది. మనిషికి అరమీటరు పైన చోటు ఇస్తే ఒక వైపు సుమారు 35 మీటర్లు. ముందు వరుస మోకాలి మీద కూర్చుని తుపాకీ మడమ నేలకు ఆన్చి బాయొనెట్ (తుపాకీ కొనకు బిగించే కత్తి) ఎదురుగా పెడుతుంది. వెనక రెండు వరుసలు కాలుస్తాయి. ఎంత తోలినా గుర్రం ఆ ఇనుప ముళ్ల గోడలోకి దూకదు. పక్కకు తిరుగుతుంది, అలా తిరిగినప్పుడు పక్క చతురస్రం నుంచి తూటాలు తగులుతాయి.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలియాలి. ఫ్రెంచి సిపాయి చేతిలోది 1777 నమూనా చెకుముకి తుపాకీ, గొట్టం 17.5 మిల్లీమీటర్లు, నిమిషానికి రెండు మూడు గుళ్లు. వంద మీటర్లు దాటాక గురి నమ్మలేం. భయపడి రెండు వందల మీటర్ల దగ్గరే అందరూ కాల్చేస్తే మళ్లీ మందు దట్టించడానికి ఇరవై సెకన్లు పడుతుంది. దౌడు మీదున్న గుర్రానికి ఆ ఇరవై సెకన్లు చాలు. అందుకే దగ్గరికి రానిచ్చి కాల్చమని ఆఫీసర్లు అరుస్తూనే ఉంటారు. రెండో ప్రమాదం, చచ్చిన గుర్రం వేగం ఆగక వరుస మీద పడి గండి కొట్టడం. మూడోది ఫిరంగి. ముద్దగా నిలబడ్డ మనుషుల మధ్య నుంచి ఒక్క గుండు దూసుకుపోతే వరుసలకు వరుసలే పోతాయి. చతురస్రాన్ని విడగొట్టాలంటే ముందు ఫిరంగి, తర్వాత గుర్రం. బ్లూషర్ సరిపడా ఫిరంగి, కాల్బలం తోడు లేకుండా ఉత్త గుర్రాలతోనే మళ్లీ మళ్లీ వచ్చాడు. ప్రతిసారీ వెనక్కి పోవాల్సి వచ్చింది, అతని గుర్రం కూడా కూలింది.

ఆ తర్వాత వచ్చినవి ష్మెట్టౌ, వార్టెన్స్‌లేబెన్ డివిజన్లు, కాల్బలం. ఇక్కడ ఊళ్లోకి నడిచి తోటల గోడలు, కంచెలు, రెండు వైపులా గట్లున్న లోతైన బండిబాటలు చూడండి. ఫ్రెంచివాళ్లు వీటి చాటున విడివిడిగా పడుకుని, ఒక్కొక్కరే గురిచూసి కాల్చారు. ప్రష్యన్ బెటాలియన్లు ఎదుటి పొలంలో, ఏ చాటూ లేని చోట, కవాతు మైదానంలో లాగా వరుస కట్టి ఆజ్ఞ మీద ఒక్కసారి పేల్చేవి. ఆ పేల్పుల్లో క్రమశిక్షణకు లోటు లేదు. గోడకు, పొగకు తగిలి వృథా అయ్యాయంతే.

ఊరికి దక్షిణం పక్క మాత్రం ఫ్రెంచివాళ్ల పని అయిపోవస్తున్నట్టే ఉండింది. వార్టెన్స్‌లేబెన్ మనుషులు 85వ రెజిమెంట్‌ను చుట్టుముట్టి తోసేశారు, అది దాదాపు చెదిరింది. మొత్తం యుద్ధంలో దావూ ఓడిపోయే అవకాశం అందరికన్నా ఎక్కువ ఉన్నది ఈ ఒక్క అరగంటలోనే. ఫ్రియాన్ ఉత్తరాన రావడంతో అక్కడి బరువు తగ్గింది. దావూ 12వ రెజిమెంట్‌ను దక్షిణానికి జరిపి, తానే వెళ్లి 85ను నిలబెట్టాడు.

ప్రష్యన్ సేనాపతి బ్రన్స్‌విక్ డ్యూక్ ఇక్కడే, పది ప్రాంతంలో, ముందు వరుసను నడిపిస్తూ తలకు తూటా తగిలి రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. నవంబరు 10న హాంబుర్గ్ దగ్గర ఒట్టెన్‌సెన్‌లో చనిపోయాడు. రహదారి పక్కన అతని స్మారకం ఉంది. ష్మెట్టౌకూ ప్రాణాంతకమైన గాయమే. హాసెన్‌హౌజెన్‌లో ఈ యుద్ధం మీద చిన్న మ్యూజియం ఉంది. ఇలాంటి ఊరి మ్యూజియంలు వారంలో అన్ని రోజులూ తెరవరు, ముందే ఫోన్ చేసి వెళ్లాలి.

మూడో రోజు: రెండు రెక్కలు

హాసెన్‌హౌజెన్ చుట్టూ ఒక చుట్టు, పదిహేను కిలోమీటర్ల పైన. తినేవి, నీళ్లు వెంట ఉండాలి. ఈ పల్లెల్లో దుకాణం ఉంటుందని నమ్ముకోకండి, ఆదివారం అసలే ఉండదు.

ఉదయం ఉత్తరానికి, ష్పీల్‌బెర్గ్ వైపు. ఫ్రియాన్ 33, 48, 108, 111 రెజిమెంట్లతో ఈ పక్క నుంచి ప్రష్యన్ల ఎడమ రెక్కను వంచుతూ ష్పీల్‌బెర్గ్, తర్వాత పోప్పెల్ పట్టుకున్నాడు. బాట మీద నడుస్తుంటే హాసెన్‌హౌజెన్ గోపురం ఎప్పుడూ ఎడమన, కాస్త వెనకగా కనబడుతుంది. రెక్క చుట్టుకుపోవడమంటే ఏమిటో పటం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

పోప్పెల్ నుంచి తౌగ్విట్స్ మీదుగా రేయెహౌజెన్ దాకా లిస్‌బాఖ్ వాగు. చూసి నిరాశపడకండి, చాలాచోట్ల దూకి దాటేయొచ్చు. కానీ ఒడ్లు బురద, వాగు గొంది సన్నం, ఫిరంగిబండి దాటాలంటే ఊళ్ల దగ్గరి దాట్లే గతి. వెనక ఆవర్‌ష్టెట్‌లో ఇంకో వాగు, ఇంకో ఇరుకు వీధి, అందులో సామాను బండ్లు. ప్రష్యన్ సైన్యం సగం పైన ఈ రెండు గరాటుల వెనకే నిలబడిపోయింది. ఆరెంజ్ యువరాజు (తర్వాతి కాలంలో నెదర్లాండ్స్ రాజు) డివిజన్ పదకొండు ప్రాంతంలో వచ్చింది. దాన్ని రెండు ముక్కలు చేసి సగం ఎడమకు, సగం కుడికి పంపారు. ఎటూ తూగలేదు.

అదే సమయానికి మోరాన్ తన 13వ తేలిక కాల్బలం, 17, 30, 51, 61 రెజిమెంట్లతో హాసెన్‌హౌజెన్‌కు దక్షిణాన నది వైపు మెట్ట మీదికి వచ్చాడు. ప్రష్యన్ల వైపు విలియం యువరాజు అశ్వికదళాన్ని అతని మీదికి నడిపాడు. మళ్లీ చతురస్రాలు, మళ్లీ అదే ఫలితం. గుర్రాలు వెళ్లిపోగానే చతురస్రాలు విప్పి దాడి వరుసలు కట్టి ముందుకు కదిలాయి. ఈ విప్పడం, కట్టడం నిమిషాల్లో జరగాలి. విప్పి ఉండగా గుర్రాలు వస్తే ఆ బెటాలియన్ ఇక లేనట్టే. ఏళ్ల తరబడి కవాతు చేయించినవాడికి దాని ఫలం ఇక్కడ దక్కింది, దావూ ఆ విషయంలో కఠినుడని అతని సొంత సిపాయిలే తిట్టుకునేవాళ్లు.

ఈ పక్క పోరులో బ్రిగేడ్ జనరల్ దెబిల్లీ చనిపోయాడు. పారిస్‌లో ఐఫిల్ టవర్ దగ్గర సేన్ నది మీద కాలినడక వంతెన ఉంది, దాని పేరు దెబిల్లీ. దాటేవాళ్లలో ఆ పేరు ఎవరిదో ఆలోచించేవాళ్లు తక్కువే.

మధ్యాహ్నం రేయెహౌజెన్ వైపు దిగి వెనక్కి రండి. ఇది జాలె–ఉన్‌స్ట్రుట్ ద్రాక్ష సీమ. అక్టోబరులో సగం పులిసిన కొత్త వైన్, ఉల్లిపాయ రొట్టె దొరుకుతాయి. ఉల్లిపాయ రొట్టెలో పంది మాంసం ముక్కలు వేయడం ఇక్కడి మామూలు, తిననివాళ్లు అడిగి తీసుకోవాలి.

నాలుగో రోజు: ఎకార్ట్స్‌బెర్గా, ఆవర్‌ష్టెట్

పడమటికి నడిస్తే ఎకార్ట్స్‌బెర్గా గుట్ట, పైన పాత కోట. కోట నుంచి చూస్తే యుద్ధభూమి మొత్తం ఒక పళ్లెంలో పెట్టినట్టు ఉంటుంది. నాలుగు రోజుల్లో కెమెరా తీయాల్సిన చోటు ఒకటే అంటే ఇదే.

ప్రష్యన్లకు చివరి అవకాశం కూడా ఇక్కడే ఉండింది. జనరల్ కాల్క్‌రాయిట్ కింద రెండు రిజర్వు డివిజన్లు దాదాపు తాకని స్థితిలో నిలబడి ఉన్నాయి. బ్రన్స్‌విక్ పడిపోయాక ఆజ్ఞ ఎవరిదో తేలలేదు. రాజు కొత్త సేనాపతిని పెట్టలేదు, తానూ పగ్గం పట్టలేదు. సేనాపతి ముఖ్య సహాయకుడు షార్న్‌హోర్స్ట్ ఎడమ రెక్కలో పోరాడుతూ ఇక్కడి సంగతి తెలియకుండా ఉన్నాడు. చివరికి రాజు, హోహెన్‌లోహె సేనతో కలిసి మర్నాడు పోరాడదామని, వైమార్ వైపు వెనకడుగుకు ఆజ్ఞ ఇచ్చాడు. హోహెన్‌లోహె అప్పటికే చితికిపోయాడన్న వార్త అతనికి చేరలేదు. ఆ రాత్రి పారిపోయే రెండు సైన్యాలు దారుల మీద ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఆ ఓడిన వరుసల్లో తర్వాత యుద్ధ సిద్ధాంతకర్తగా పేరు మోగిన ఇరవై ఆరేళ్ల క్లాజ్‌విట్స్ కూడా ఉన్నాడు.

దావూ ఎకార్ట్స్‌బెర్గా మెట్టలు పట్టుకుని ఆగాడు. తరమడానికి గుర్రాలు లేవు, అతని దగ్గరున్నవి మూడు రెజిమెంట్లే. కాల్బలానికి అడుగు వేసే ఓపిక లేదు. ఏడు వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. గ్యూదాన్ డివిజన్ ఒక్కదానిలోనే సుమారు 40 శాతం. ప్రష్యన్ల వైపు పది వేల మంది దాకా పడ్డారు, మూడు వేల మంది పట్టుబడ్డారు, 115 ఫిరంగులు పోయాయి.

కోట నుంచి ఆవర్‌ష్టెట్ గంట పైన నడక. దారిలో రాష్ట్రం మారుతుంది, సాక్సనీ–ఆన్‌హాల్ట్ నుంచి థురింగియాకు. 13 రాత్రి ప్రష్యన్ ముఖ్య శిబిరం ఉన్న కోటభవనం ఊళ్లోనే ఉంది. ఊరి వీధి వెడల్పు చూడండి. వార్టెన్స్‌లేబెన్ డివిజన్ పొద్దున్నే ఎందుకు ఇరుక్కుందో వేరే చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే పోరు ఎక్కువగా జరిగిన హాసెన్‌హౌజెన్ పేరు యుద్ధానికి రాలేదు, ఓడినవాళ్లు బస చేసిన ఊరి పేరు వచ్చింది. 1808లో నెపోలియన్ దావూకు ఇచ్చిన బిరుదు కూడా ఆవర్‌ష్టెట్ డ్యూక్ అనే.

ఆ బిరుదుకు రెండేళ్లు పట్టింది. తన అధికారిక ప్రకటనలో నెపోలియన్ ఈ పోరును యేనా యుద్ధపు కుడి రెక్కగా చెప్పి సరిపెట్టాడు. అయితే అక్టోబరు 25న బెర్లిన్‌లోకి మొదట నడిచే గౌరవం మాత్రం మూడో కోర్‌కే ఇచ్చాడు. గ్యూదాన్ 1812లో రష్యాలో స్మొలెన్‌స్క్ దగ్గర చనిపోయాడు. అతని ఎముకలు 2019లో అక్కడే ఒక పార్కు కింద దొరికాయి. 2021 డిసెంబరులో పారిస్ అంవలీడ్‌కు, అంటే నెపోలియన్ సమాధి ఉన్న భవనానికి, చేరాయి.

ఆవర్‌ష్టెట్ నుంచి బాడ్ జుల్జా స్టేషన్‌కు మరో గంట నడక. వారాంతాల్లో బస్సులు అరుదు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. అక్కణ్నుంచి నౌంబుర్గ్ రైలు ఎక్కితే నిమిషాల్లో కోజెన్ దాటేస్తుంది. ఎడమ కిటికీలోంచి పైన కనిపించేదే, ష్మెట్టౌ డివిజన్ చేరి కాపు కాయాల్సిన మెట్ట.